పియానోనే నమ్ముకున్నవారి బతుకుతెరువు

సంపాదకుల వారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో పియానో నేర్చుకుంటున్న పిల్లల గురించి, వారు రాస్తున్న లండన్ గ్రేడ్ పరీక్షల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. పిల్లల ఫొటోలు చూసి సంతోషించాను కూడా. అయితే కథనం చివర, ఆ పరీక్షల్లో చివరి మెట్టయిన ఎనిమిదో గ్రేడ్ పూర్తిచేసినవారికి సంగీతంలో మంచి కెరీర్ సిద్ధంగా ఉంటుందనే అర్థం వచ్చేలా ఒక వాక్యం ఉంది. ఇరవై ఏళ్లకు పైబడి పియానో, కీబోర్డు తప్ప మరో ఆధారం లేకుండా సికింద్రాబాద్‌లో సంసారం నెట్టుకొస్తున్నవాడిగా ఆ వాక్యాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను. అబ్బాయిని ఇంజనీరింగ్ వైపు పంపకుండా సంగీతంలో పెట్టమంటారా అని నన్ను అడిగే తల్లిదండ్రులు ఏటా కొందరు ఉంటారు. వారికి విడివిడిగా చెప్పే మాటనే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. పియానోతో బతకవచ్చు. కానీ పియానో వాయించినందుకు వచ్చే డబ్బుతో మనవైపు ఇల్లు గడవడం చాలా అరుదు. వాయించడాన్ని ఒక పనిగా గుర్తించి, దానికి ధర కట్టి, కాగితం మీద పెట్టి, చేసినవాడి పేరు రాసే అలవాటు మన దగ్గర లేకపోవడమే అందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ముందు ఆ గ్రేడ్ల సంగతి. మన పిల్లలు ఎక్కువగా రాసేది రెండు సంస్థల పరీక్షలు. ట్రినిటీ కాలేజీ పరీక్షలు 1877 నుంచి ఉన్నవి. అసోసియేటెడ్ బోర్డు (ఏబీఆర్‌ఎస్ఎం) 1889లో ఏర్పడింది. అసోసియేటెడ్ బోర్డు పరీక్షలో 150 మార్కులకు 100 వస్తే పాస్, 120 వస్తే మెరిట్, 130 వస్తే డిస్టింక్షన్. ట్రినిటీలో నూటికి 60, 75, 87. బోర్డు పద్ధతిలో ఆరో గ్రేడ్‌కు పోవాలంటే ఐదో గ్రేడ్ థియరీ గట్టెక్కి ఉండాలి. చేతివేళ్లు చురుగ్గా ఉన్న పిల్లలు కూడా కొందరు అక్కడే చతికిలబడతారు. క్రమపద్ధతిలో నేర్చుకోవడానికి ఈ పరీక్షలు ఎంతో ఉపకరిస్తాయి, నా ఇంట్లో పొయ్యి వెలగడంలో వాటి వాటా పెద్దది, కాబట్టి వాటిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ బ్రిటన్‌లో సంగీత కళాశాల ప్రవేశానికి నిలబడే విద్యార్థి సాధారణంగా అప్పటికే ఎనిమిదో గ్రేడ్ దాటి ఉంటాడు. అంటే అక్కడ అది గడప. మన దగ్గర దాన్ని శిఖరంగా చూస్తున్నాం. పైగా ఆరు, ఏడు, ఎనిమిది గ్రేడ్లకు అక్కడి యూనివర్సిటీ ప్రవేశాల లెక్కలో కొన్ని పాయింట్లయినా కలుస్తాయి. ఇక్కడ ఆ సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించుకోవడానికి మించి ఏ కౌన్సెలింగ్‌లోనూ చూపించే వీలు లేదు. గ్రేడ్ పరీక్షకు మూడు నాలుగు రచనలను ఏడాది పొడవునా సానబెట్టుకోవచ్చు. పనిలోకి దిగినవాడు ఒక్క సాయంత్రంలో ముప్ఫై పాటలు, అందులో సగం అప్పటికప్పుడు అడిగినవి, ఎవరి గొంతుకు తగిన శ్రుతిలో వారికి వాయించాల్సి ఉంటుంది. ఆ నేర్పును ఎనిమిది గ్రేడ్లలో ఏదీ పూర్తిగా పరీక్షించదు.

పాఠాలు చెప్పుకుని బతకడం మనకు మాత్రమే పట్టిన గతి కాదని కూడా చెప్పాలి. పియానో అనగానే ప్రపంచం తలచుకునే షోపాన్ 1831లో పారిస్ చేరింది మొదలు 1849లో చనిపోయేవరకు ప్రధానంగా పాఠాల మీదనే బతికాడు. పాఠానికి ఇరవై ఫ్రాంకులు తీసుకునేవాడు. జీవితం మొత్తంలో ఆయన బహిరంగంగా ఇచ్చిన కచేరీలు ముప్ఫైకి అటూ ఇటూ మాత్రమే. శిష్యులు డబ్బు అక్కడున్న గట్టు మీద పెట్టే వేళ ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేవాడని చెబుతారు; కవరు అందుకునేటప్పుడు మొహమాటపడి తల తిప్పుకునే మన మాస్టార్లకు ఆ దృశ్యం కొత్తేమీ కాదు. కచేరీలతోనే లోకాన్ని ఊపేసిన పియానిస్టు ఫ్రాంజ్ లిస్ట్ సైతం 1847లో, ముప్ఫై అయిదేళ్ల వయసుకే, డబ్బు కోసం వాయించడం మానేశాడు. వాయించి సంసారాన్ని ఈదినవారికి ఉదాహరణ కావాలంటే జర్మన్ పియానిస్టు క్లారా షూమన్‌ను చెప్పుకోవాలి. 1856లో భర్త పోయాక ఆవిడ ఊరూరా కచేరీలు చేస్తూ పిల్లలను పెంచింది. అలాంటివారు అప్పుడూ తక్కువే. అందువల్ల పిల్లవాడు పియానిస్టు అవుతాడంటే, చాలావరకు, పియానో ఉపాధ్యాయుడు అవుతాడని తల్లిదండ్రులు మొదటే అర్థం చేసుకోవడం మంచిది. మద్రాసులో మైలాపూర్ లాడ్జి గదిలో ఉంటూ పాఠాలు చెప్పిన ధన్‌రాజ్ మాస్టర్ దగ్గరే ఇళయరాజా పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. గురువుగారి పేరు తెలుగునాట ఎంతమంది విన్నారో పాఠకులే చెప్పగలరు.

ఇక ఆ ఉపాధ్యాయ వృత్తి ఎలా నడుస్తుందో చెబుతాను. ఇంటింటికీ వెళ్లి చెప్పే ట్యూషన్‌కు మా ప్రాంతంలో నెలకు ఎనిమిది క్లాసుల లెక్కన నాలుగైదు వేల రూపాయలు అడుగుతాం. బేరం ఆడినచోట మూడు వేలకు దిగుతాం. తార్నాక నుంచి సైనిక్‌పురికి, అక్కడి నుంచి కొంపల్లికి స్కూటర్ మీద తిరిగే సమయానికి లెక్క కట్టేవారు ఉండరు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు ఊళ్లకు వెళతారు, దసరాకు వెళతారు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్కూలు పరీక్షలు ఉంటాయి. సరిగ్గా ఇంటి గేటు ముందు బండి స్టాండు వేసే వేళకు, “సార్, బాబుకు రేపు యూనిట్ టెస్టు, ఇవాళ వద్దు” అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. జరగని క్లాసుకు డబ్బు ఇవ్వాలని ఎవరికీ తోచదు, అడగడానికి మాకు నోరు రాదు. అదే పిల్లవాడు లెక్కల కోచింగ్‌కు పది రోజులు వెళ్లకపోయినా ఏడాది ఫీజు ముందే కట్టి ఉంటారు. కాబట్టి కొత్తగా ఈ వృత్తిలోకి వస్తున్నవారికి నేను చెప్పేది ఒకటే. క్లాసుకు ఇంత అనే లెక్క పెట్టుకోవద్దు, నెలకు ఇంత అని మాట్లాడుకుని, నెల మొదట్లోనే తీసుకోండి, సెలవు నెలలకు సగమైనా ఇవ్వాలని చేరే రోజునే కాగితం మీద రాసి చూపించండి. ఒకరిద్దరు మొహం మాడ్చుకుని వెళ్లిపోతారు. మిగిలినవారు గౌరవిస్తారు.

బయటివారికి తెలియని నష్టం మరొకటి ఉంది. మన విద్యావ్యవస్థ మా దగ్గరి నుంచి బాగా వాయించే పిల్లలనే ముందుగా పట్టుకుపోతుంది. ఆరేడేళ్ల వయసులో చేరిన పిల్ల తొమ్మిదో తరగతి వచ్చేసరికి ఐదు, ఆరు గ్రేడ్ల దాకా వస్తుంది. సరిగ్గా సంగీతం మొదలయ్యేది అక్కడే. అప్పుడు, “టెన్త్‌కి వచ్చింది కదా సార్, ఈ ఒక్క ఏడాది ఆపుదాం” అంటారు. ఆ తర్వాత ఇంటర్‌లో ఎంపీసీ, రెసిడెన్షియల్ కాలేజీ, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా చదువు. ఆ పిల్ల మళ్లీ పియానో ముందు కూర్చోవడం అరుదు. ఉపాధ్యాయుడు మళ్లీ మొదటి గ్రేడ్ పిల్లలతో, ‘కుడిచేతి బొటనవేలు మధ్య స్వరం మీద పెట్టమ్మా’ అనే దగ్గరికి వస్తాడు. ఎప్పుడూ మొదటి మెట్టు దగ్గరే నిలబడి చెప్పేవాడి సొంత వాయిద్యం కూడా మెల్లగా మొద్దుబారుతుంది. అందుకే కొందరం రాత్రి పూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాధన చేసుకుంటాం. కింది వాటాలో ఓనరు గారు ఉంటే పగలు వాయించడం ఎటూ కుదరదు.

పిల్లల ఇళ్లలో ఉండే వాద్యం గురించి కూడా ఒక మాట. పియానోకు 88 మీటలు ఉంటాయి. ఒక్కో మీట వెనుక ఒక సుత్తి లేచి తంత్రిని కొడుతుంది కాబట్టి వేలికి ఆ బరువు తెలుస్తుంది. మెల్లగా నొక్కితే మెత్తగా, గట్టిగా నొక్కితే బిగ్గరగా పలుకుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కొనేది 61 మీటల తేలికపాటి కీబోర్డు. దానిమీద నేర్చుకున్న చెయ్యి నిజమైన పియానో మీద పెట్టగానే కాళ్లు తేలిపోయినట్టు తేలిపోతుంది. బరువు మీటలున్న డిజిటల్ పియానో రూ.40–50 వేల దగ్గర మొదలవుతుంది, తంత్రులున్న కొత్త పియానో అయితే లక్షల్లోనే. తొందరపడి కొనమని నేను ఎవరికీ చెప్పను. కానీ మూడో గ్రేడ్ దాటాక కూడా కొనకుండా, పిల్లవాడు ముందుకు పోవడం లేదని మాస్టారిని నిందించడం భావ్యం కాదు.

2020 తర్వాత ఆన్‌లైన్ పాఠాలు మాకు కొంత ఊపిరినిచ్చాయి. న్యూజెర్సీలో, డల్లాస్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు మన భాషలో, మన పద్ధతిలో చెప్పే మాస్టారు కావాలని వెతుక్కుంటున్నాయి. ఇక్కడ తెల్లవారుజామున ఐదున్నర అంటే ఎండాకాలంలో న్యూజెర్సీలో ముందురోజు రాత్రి ఎనిమిది, డల్లాస్‌లో ఏడు. ఫీజు బాగానే వస్తుంది, అడిగి ఇప్పించుకోవాల్సిన పని ఉండదు. చిక్కల్లా ఏమిటంటే వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ పియానో మోతను గదిలోని రొదగా భావించి అణచివేస్తుంది. పెడల్ తొక్కి పట్టుకున్న స్వరం సగంలోనే తెగిపోతుంది. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ అనే సెట్టింగ్ పెట్టించడానికి మొదటి క్లాసు ఖర్చయిపోతుంది. శబ్దం అటు చేరి ఇటు వచ్చేసరికి ఆలస్యం అవుతుంది కాబట్టి గురుశిష్యులు కలిసి వాయించడం కుదరనే కుదరదు. కలిసి వాయించడమే సంగీతంలో సగం చదువు.

పాఠశాలల్లో సంగీతం టీచర్ ఉద్యోగం ఉంటుంది కదా అని చాలామంది అడుగుతారు. ఉంటుంది. చదువు సబ్జెక్టులకూ కళలకూ మధ్య గోడలు ఉండకూడదని 2020 నాటి జాతీయ విద్యా విధానం స్పష్టంగా చెప్పింది. కానీ నాకు తెలిసిన బళ్లలో పియానో టీచర్ కాంట్రాక్టు మనిషే; వార్షికోత్సవానికి నెల ముందు మహారాజు, ఆ తర్వాత సబ్‌స్టిట్యూషన్ పీరియడ్‌లో క్లాసును అదుపు చేసే కాపలాదారు. నేను పనిచేసిన ఒక ప్రైవేటు బడిలో ఏప్రిల్ నెలాఖరుకు కాంట్రాక్టు ముగించి, జూన్‌లో కొత్త కాంట్రాక్టు ఇచ్చేవారు. మధ్యలోని సెలవులకు జీతం ఉండదు. ఆ బడి పేరు రాయను. ఈ లేఖ కింద నా పేరు వేయవద్దని మిమ్మల్ని కోరింది కూడా ఇలాంటి చోట్లనుంచి ఇంకా పని రావాల్సి ఉంది కాబట్టే. వాయించేవారి పేర్లు బయటికి రావాలని రాసే లేఖకు రాసినవాడి పేరు లేకపోవడం విచిత్రమే. కానీ పరిస్థితి అది.

ఇప్పుడు అసలు వాయించే పనుల దగ్గరికి వస్తాను. వయొలిన్ విద్వాంసుడు తన వాద్యాన్ని చంకన పెట్టుకుని బస్సెక్కగలడు. పియానో వాయించేవాడికి ఆ భాగ్యం లేదు. ఎక్కడికి వెళితే అక్కడున్న వాద్యమే గతి. పియానోలో సుమారు 230 తంత్రులు ఉంటాయి, అన్నీ కలిసి లోపలి ఇనుప చట్రం మీద లాగే బిగువు దాదాపు ఇరవై టన్నులు. వాటి కింద పరిచిన చెక్క పలక గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, ఆ మేరకు శ్రుతి మారుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరాల్లో అయితే చెప్పనక్కరలేదు. ఏడాదికి రెండుసార్లైనా ట్యూనర్‌ను పిలిచి సరిచేయించాలి, ఆ పని బాగా తెలిసినవారు మనవైపు వేళ్ల మీద లెక్కించేంతమందే.

నేను కొన్నేళ్లపాటు సాయంత్రాలు వాయించిన ఒక పెద్ద హోటల్ లాబీలో పియానో చూపులకు నిగనిగలాడేది. వానాకాలం రాగానే మధ్య స్థాయిలోని ఒక మీట నొక్కితే లోపలికి పోయి పైకి లేచేది కాదు. ఆ స్వరం తగలకుండా పాటను పక్కకు తిప్పి వాయించడం నాకు అలవాటైపోయింది. మూత మీద పూలకుండీ ఉండేది, దాని అడుగున నీటి మరక గుండ్రంగా పేరుకుపోయింది. బాగుచేయించమని చెబితే, వినేవారికి తేడా తెలియడం లేదు కదా అన్నారు. ఆ మాట అబద్ధం కాదు, అదే బాధ. డబ్బు హోటల్ నేరుగా ఇవ్వదు, మధ్యలో ఒక ఏజెన్సీ ఉంటుంది, నెల పనికి రెండు మూడు నెలల తర్వాత టీడీఎస్ పట్టుకుని ఇస్తుంది, ఆ టీడీఎస్ సర్టిఫికెట్ కోసం మళ్లీ తిరగాలి. ఇప్పుడు ఆ లాబీలో తనంతట తానే వాయించుకునే పియానో పెట్టారు. మీటలు వాటంతటవే కిందికీ పైకీ కదులుతుంటాయి, ముందున్న బల్ల ఖాళీగా ఉంటుంది, అతిథులు దాన్ని ఫోనుల్లో వీడియో తీసుకుంటారు. మనిషి వాయించినప్పుడు ఎవరూ తీసింది లేదు.

పెళ్లిళ్లు, సంగీత్ కార్యక్రమాలు మాత్రం పెరిగాయి. ఇక్కడే గ్రేడ్ చదువుకూ బతుకుతెరువుకూ ఉన్న దూరం బాగా తెలుస్తుంది. గాయని వచ్చి, “అన్నా, నాకు నాలుగున్నర పెట్టు” అంటుంది. లండన్ పరీక్ష పుస్తకాల్లో ఎక్కడా లేని ఆ నాలుగున్నర శ్రుతి అంటే ఎఫ్ షార్ప్ అని, హార్మోనియం రోజుల నుంచి వస్తున్న లెక్క అది అని, ఒకటి అంటే సి, ఐదు అంటే జి అని తెలియనివాడు స్టేజీ మీద నీళ్లు నమలాల్సిందే. కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి తప్పించుకోవచ్చు. నిజమైన పియానో ముందు కూర్చున్నప్పుడు బటన్ ఉండదు, పాటంతటినీ అప్పటికప్పుడు బుర్రలో మార్చుకుని వేళ్లకు అందించాలి. ఈ విద్య నేర్పే పుస్తకం నాకు తెలిసి లేదు. పెద్దవారి పక్కన కూర్చుని పట్టుకోవాల్సిందే. బయానా లేకుండా తేదీ ఒప్పుకోవద్దని కుర్రవాళ్లకు చెబుతుంటాను. పెళ్లి వాయిదా పడితే ఫోటోగ్రాఫరుకు, డెకరేషన్ వారికి అడ్వాన్సు మిగులుతుంది; మాట మీద నమ్మకంతో మరో కార్యక్రమం వదులుకున్న వాద్యకారుడికి ఏమీ మిగలదు. ఇరవై కిలోలకు తగ్గని కీబోర్డు పెట్టెను క్యాబ్ డిక్కీలో పట్టించలేక, వెనక సీటులో పడుకోబెట్టి, తాను ముందు సీటులో కూర్చుని అర్ధరాత్రి ఇంటికి చేరే కుర్రవాడి ఖర్చులో ఆ క్యాబ్ కిరాయి కూడా అతనిదే.

చర్చిల గురించి చెప్పకపోతే లేఖ అసంపూర్ణం అవుతుంది. గుంటూరు, ఒంగోలు, విజయవాడ, సికింద్రాబాద్‌లలో కీబోర్డు మీద చెయ్యి తిరిగినవారిలో చాలామంది మొదట కూర్చున్నది చర్చిలోనే. ఆదివారం ఆదివారం వందలమంది గొంతులకు తోడుగా వాయించడం కన్నా మంచి శిక్షణ లేదు. పాట ఎక్కడ మొదలవుతుందో, ఎవరు శ్రుతి దాటి పోతారో, వారిని మందలించకుండా ఎలా వెనక్కి తెచ్చుకోవాలో అక్కడే తెలుస్తుంది. అక్కడ వచ్చేది కానుక, జీతం కాదు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, సేవగా చేసేదాన్ని ఎవరూ కూలీతో కొలవరు. చిక్కు ఎక్కడంటే, దేవుడి దగ్గర ఉచితంగా వాయించావు కదా అని మిగతా అందరూ అదే ధరకు అడగడంలో.

సినిమా సంగీతం సంగతికి వద్దాం, ఎందుకంటే తల్లిదండ్రుల ఊహల్లో ఉండేది అదే. తెలుగు పాటలు మద్రాసులో రికార్డయిన రోజుల్లో ఒక పాటకు పెద్ద వాద్యబృందం కూర్చునేది. నొటేషన్ చూసి తడబడకుండా వాయించగలిగిన పియానిస్టుకు కాల్షీట్ల మీద పని ఉండేది. 1983 ప్రాంతంలో డిజిటల్ సింథసైజర్లు, వాటిని ఒకదానితో ఒకటి అనుసంధానించే మిడీ విధానం వచ్చాయి. ఆ మార్పులో మొదట లాభపడింది కూడా కీబోర్డు వాయించేవారే. ఎ.ఆర్. రెహమాన్ చిన్నతనంలో తండ్రి పోయాక ఇంట్లోని వాద్యాలను అద్దెకు ఇచ్చి కుటుంబం గడిచింది. ఆయన కీబోర్డు వాద్యకారుడిగా రమేష్‌నాయుడు, రాజ్–కోటి వంటి మన సంగీత దర్శకుల దగ్గర పనిచేశారు. ఆ మెట్ల మీదుగా పైకి వచ్చేందుకు ఆ రోజుల్లో మెట్లున్నాయి. ఇవాళ సంగీత దర్శకుడు తన గదిలోనే చిన్న మిడీ కీబోర్డు మీద రెండు వేళ్లతో కొట్టి, తాళం తప్పినచోట కంప్యూటర్‌తో సర్దించి, ఎక్కడో విదేశీ స్టూడియోలో ఒక్కో స్వరం చొప్పున రికార్డు చేసి అమ్మిన గ్రాండ్ పియానో ధ్వనిని దానికి తొడుగుతాడు. మనం వినే పియానోలో చాలాభాగం అదే. తంత్రీ వాద్యాల బృందం నిజంగా కావాలనుకున్న పెద్ద సినిమాలు బుడాపెస్ట్‌కో మాసిడోనియాకో వెళుతున్నాయి. ఇందులో ఎవరినీ నిందించలేం, చౌకగా దొరికేదాన్ని ఎవరైనా వాడుకుంటారు. అయినా మనిషి చేత్తో వాయిస్తే తప్ప కుదరని పాటలు ఇంకా మిగిలాయి, వాటికి మమ్మల్ని పిలుస్తూనే ఉన్నారు.

అలా పిలిచినప్పుడు ఏం జరుగుతుందన్నదే నా ఫిర్యాదు. సెషన్ ముగిశాక కొంత మొత్తం చేతిలో పెడతారు లేదా ఫోన్‌లో పంపుతారు, కాగితం ఉండదు, సినిమాలో పేరు పడదు. పేరు పడకపోవడం అహంకారానికి తగిలే దెబ్బ మాత్రమే అయితే ఇంత రాసేవాడిని కాదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమాలో తన ప్రదర్శనను చేర్చడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్న కళాకారుడికి సైతం, ఆ ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడుకున్నప్పుడు రాయల్టీ పొందే హక్కు ఉంది. సెక్షన్ 38ఎ ఆ మాట చెబుతుంది. ఈ హక్కు గాయకులదే అని చాలామంది అనుకుంటారు. చట్టంలో వాద్యకారుడు కూడా ప్రదర్శనకారుడే. అయితే అదే సవరణ సెక్షన్ 2లోని నిర్వచనానికి ఒక మినహాయింపు తగిలించింది. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమైనదో లేక ప్రాసంగికమైనదో, పరిశ్రమలోని సాధారణ ఆచారం ప్రకారం ఎవరి పేరు టైటిల్స్‌తో సహా ఎక్కడా పేర్కొనరో, వారిని ఒక్క విషయంలో తప్ప ప్రదర్శనకారులుగా పరిగణించరు. వాయించినదాన్ని వక్రీకరిస్తే అడ్డుకోవడమే ఆ ఒక్క విషయం. పేరు వేయకపోవడం ఆచారంగా కొనసాగినంతకాలం, పాటకు ప్రాణం పోసిన నాలుగు చరణాల పియానోను కూడా ప్రాసంగికమని కొట్టిపారేయడానికి నిర్మాతకు ఆ ఆచారమే సాక్ష్యంగా పనికొస్తుంది. గాయకుల హక్కుల కోసం 2013లో మొదలైన సంఘం ఇప్పుడు వాద్యకారులను కూడా కలుపుకుని పనిచేస్తోంది. అది మంచి పరిణామమే కానీ, ఏ పాటలో ఎవరు వాయించారన్న రికార్డే లేనప్పుడు ఏ సంఘమైనా ఎవరికని వసూలు చేసి పెడుతుంది?

కొందరు సంగీత దర్శకులు యూట్యూబ్‌లో పాట కింద వేణువు, గిటార్, వయొలిన్లు, కీబోర్డు ఎవరు వాయించారో పేరుపేరునా రాయిస్తున్నారు. వారికి చేతులెత్తి నమస్కరించాలి. నాలుగు లైన్లు టైప్ చేయడానికి ఖర్చేమీ కాదని వారు నిరూపించారు. అదే జాబితా సినిమా టైటిల్స్‌లోకి, పాటలు వినే యాప్‌లలోకి, సెషన్ రోజున సంతకం చేసే ఒక పేజీ ఒప్పందంలోకి రావాలన్నది మా కోరిక. వేతనాల కోసం 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు షూటింగులు ఆపి మరీ పోరాడారు. గదిలో ఒంటరిగా వాయించి వెళ్లిపోయే మాలాంటివారికి ఆపడానికి షూటింగులు కూడా ఉండవు, కాబట్టి ఆ ఒక్క పేజీ కాగితమే మాకు బలం.

ప్రభుత్వాల నుంచి పెద్దగా ఆశించడం లేదు, కానీ ఒక సూచన చేస్తాను. విజయనగరం సంగీత కళాశాల 1919లో ఏర్పడినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులు, వయొలిన్ ఆచార్యులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. వయొలిన్ కూడా సముద్రం దాటి వచ్చిన వాద్యమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల కాలం నుంచి మనవారు దాన్ని కర్ణాటక సంగీతానికి ఒదిగేలా చేసుకున్నారు. పియానో అలా ఒదగదు, గమకం పలికించడానికి దాని మీట మీద వేలు జార్చే వీలు లేదు. కాబట్టి కచేరీ వాద్యంగా చేర్చమని అడగను. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చదివే గాత్ర, వాద్య విద్యార్థులకు పాశ్చాత్య స్వరలిపి అయిన స్టాఫ్ నొటేషన్ చదవడం, కీబోర్డు మీద శ్రుతులు మార్చడం ఒక చిన్న కోర్సుగా నేర్పితే వారికి స్టూడియోల్లో, బళ్లలో పని దొరుకుతుంది. ఆ కోర్సు చెప్పడానికి మాలో కొందరికి నెల జీతం దొరుకుతుందన్న స్వార్థం కూడా ఇందులో ఉందని దాచను.

పిల్లవాడిని సంగీతంలో పెట్టాలా వద్దా అనే ప్రశ్నకు నా జవాబు ఇది. పెట్టండి, కానీ పదో తరగతిలో ఆపకండి. గ్రేడ్లతో పాటు చెవితో పట్టి వాయించడం, చూసి వాయించడం, శ్రుతి మార్చడం, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పించండి. పాఠం చెప్పడం ఇష్టం లేని పిల్లవాడైతే మాత్రం ఇంకో డిగ్రీ చేతిలో ఉంచుకోమనండి. మీ పత్రికకు కూడా ఒక విన్నపం. కొత్త సినిమా పాటలను సమీక్షించేటప్పుడు రాసినవారు, పాడినవారు, స్వరపరచినవారి పేర్లతో పాటు ప్రధాన వాద్యకారుల పేర్లు కూడా అడిగి తెలుసుకుని వేయండి. పంపిన సమాచారంలో ఆ పేర్లు లేకపోతే, ‘వాద్యకారుల పేర్లు ఇవ్వలేదు’ అని ఒక్క లైను వేయండి. నాలుగు శుక్రవారాలు వరుసగా ఆ లైను అచ్చయితే ఐదో వారం పేర్లు వాటంతటవే మీ డెస్కుకు వస్తాయని నా నమ్మకం.

ఇట్లు,
ఒక పియానో ఉపాధ్యాయుడు,
సికింద్రాబాద్